నాలుగు ఓట్లు పడ్డా ఓడిన గుడి: జోనింగ్ బోర్డు నిర్ణయాన్ని కోర్టు ఎలా చూస్తుంది?

రాత్రి పదిన్నర దాటింది. టౌన్‌షిప్ (అంటే ఊరి స్థానిక ప్రభుత్వం) ఆఫీసు మీటింగు హాల్లో ఏడుగురు బోర్డు సభ్యులు ఒక్కొక్కరే ఓటు చెబుతున్నారు. యెస్, నో, యెస్, యెస్, నో, నో, యెస్. నలుగురు అవునన్నారు, ముగ్గురు కాదన్నారు. వెనక వరసల్లో కూర్చున్న మనవాళ్లు చప్పట్లకు చేతులెత్తేలోపే బోర్డు లాయరు మైకులో చెప్పేశాడు: దరఖాస్తు తిరస్కరించారు. గుడికి అనుమతి లేదు.

బయట పార్కింగులో చలికి చేతులు రుద్దుకుంటూ నిలబడ్డవాళ్లలో ఎవరో ఒకరు అనే మాట మనందరికీ తెలిసిందే. "మెజారిటీ మనదేగా! ఇదేం న్యాయం? కోర్టులో తేల్చుకుందాం."

ఇది నేను ఊహించి రాసిన సన్నివేశం. కానీ ఇందులో జరిగిందంతా న్యూజెర్సీ చట్టం ప్రకారం జరిగేదే. ఎడిసన్, సౌత్ ప్లెయిన్‌ఫీల్డ్, వెస్ట్ విండ్సర్ చుట్టుపక్కల ఇన్ని వేల తెలుగు కుటుంబాలు ఉంటున్నాయి కాబట్టి ఆ రాష్ట్రాన్నే ఉదాహరణగా తీసుకున్నాను. గుడి కట్టాలనుకున్నా, ఇంటి వెనక గది పెంచాలనుకున్నా, పక్క స్థలంలో గోదాం రాకుండా ఆపాలనుకున్నా మనం వెళ్లి నిలబడాల్సింది ఆ హాల్లోనే. "కోర్టులో తేల్చుకుందాం" అన్న మాటలో ఒక పెద్ద పొరపాటు ఉంది. కోర్టు ఆ కేసును మళ్లీ మొదటి నుంచి వినదు. గుడి అక్కడ ఉండాలా వద్దా అని జడ్జి తన సొంత అభిప్రాయం చెప్పడు. ఆ రాత్రి ఆ హాల్లో ఏం రికార్డయిందో దాన్నే చదువుతాడు. అంటే కోర్టు కేసు కోర్టు మెట్లెక్కక ముందే చాలావరకు తేలిపోయి ఉంటుంది.

ముందు జోనింగ్ అంటే ఏమిటో కొంచెం. ఊరిని భాగాలుగా విడదీసి ఇక్కడ ఇళ్లు, ఇక్కడ దుకాణాలు, ఇక్కడ ఫ్యాక్టరీలు అని స్థానిక ప్రభుత్వం ఆర్డినెన్సు, అంటే ఊరి చట్టం, ద్వారా నిర్ణయించడమే జోనింగ్. అమెరికాలో మొదట నగరమంతటికీ ఇలాంటి నియమావళి తెచ్చింది న్యూయార్క్, 1916లో. నా స్థలంలో నేనేం కట్టుకోవాలో చెప్పడానికి ఊరెవరు అన్న ప్రశ్న 1926లో అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఒహాయో రాష్ట్రంలోని యూక్లిడ్ అనే ఊళ్లో యాంబ్లర్ రియల్టీ అనే కంపెనీకి 68 ఎకరాలుండేవి. కొత్త జోనింగ్ వల్ల వాటి విలువ పడిపోయిందని కంపెనీ కోర్టుకెక్కింది, ఓడిపోయింది. తీర్పు రాసిన జస్టిస్ సదర్లాండ్ చెప్పిన పోలిక ఇప్పటికీ లా కాలేజీల్లో వినిపిస్తుంది: పంది దొడ్లో ఉంటే తప్పు లేదు, ముందుగదిలో ఉంటేనే గొడవ. వస్తువు చెడ్డది కాకపోయినా అది ఉన్న చోటు తప్పు కావచ్చు అని దాని సారం. న్యూజెర్సీలో కోర్టులు మొదట్లో జోనింగ్‌ను అంతగా ఒప్పుకోలేదు. 1927లో రాష్ట్ర రాజ్యాంగాన్ని సవరించాల్సి వచ్చింది. ఇప్పుడక్కడ అమల్లో ఉన్నది 1975 నాటి మునిసిపల్ లాండ్ యూజ్ చట్టం.

ఏ నియమానికైనా మినహాయింపు అవసరమయ్యే సందర్భాలుంటాయి. స్థలం వంకరగా ఉండొచ్చు, వెనక వాలు ఉండొచ్చు. ఆ మినహాయింపునే వేరియన్స్ అంటారు. ఇచ్చేది జోనింగ్ బోర్డు. న్యూజెర్సీలో వీటిని చట్టంలోని అక్షరాలను బట్టి సి వేరియన్స్, డి వేరియన్స్ అని పిలుస్తారు. గోడ సరిహద్దుకు రెండడుగులు దగ్గరగా వచ్చింది, స్థలం వెడల్పు తక్కువైంది లాంటివి సి కిందకు వస్తాయి. వాటికి హాజరైన సభ్యుల్లో మెజారిటీ చాలు. ఆ జోన్‌లో అసలు అనుమతే లేని పని చేయాలంటే, లేదా షరతులతో అనుమతించిన పనికి ఆ షరతు నుంచే సడలింపు కావాలంటే అది డి. దానికి ఏడుగురిలో ఐదుగురు అవునని తీరాలి. సభ్యుడొకరు జ్వరంతో రాకపోయినా ఆ అయిదు అయిదే. ఏ జోన్‌లో ఏముండాలన్నది ప్రజలు ఎన్నుకున్న కౌన్సిల్ ఆర్డినెన్సుగా చేసిన నిర్ణయం. ఎన్నిక కాని బోర్డు దాన్ని పక్కన పెట్టాలంటే మామూలు మెజారిటీ చాలదని చట్టం ఆలోచన.

మన గుడి సంగతి అదే. ఆ టౌన్‌షిప్‌లో ఇళ్ల జోన్‌లో ప్రార్థనా స్థలానికి కనీసం అయిదు ఎకరాలుండాలన్నది షరతు అనుకుందాం. ట్రస్టువాళ్లు కొన్నది మూడున్నర ఎకరాలు. డి వేరియన్స్ కావాలి. నాలుగు ఓట్లొచ్చాయి, చాల్లేదు.

ఇక బోర్డులో కూర్చునేదెవరు? జడ్జీలు కారు. ఊళ్లో ఉండేవాళ్లే. ఒకరు రిటైరైన టీచరు, ఒకరు ఇన్సూరెన్సు ఏజెంటు, ఒకరు మన వీధిలోనే ఉండే ఐటీ ఉద్యోగి కావచ్చు. కానీ ఆ సాయంత్రం వాళ్లు చేసే పని సగం కోర్టు పని. సాక్షులు ప్రమాణం చేసి మాట్లాడతారు. ఎదుటివాళ్లకు అడ్డప్రశ్నలు వేసే హక్కుంటుంది. ప్రతి మాటా రికార్డవుతుంది. ఒక సభ్యుడు ఏదైనా హియరింగ్‌కు రాకపోతే, ఆ రోజు రికార్డింగు విని గానీ రాతప్రతి చదివి గానీ, చదివానని సంతకం పెట్టాకే ఓటు వేయగలడు.

మనవాళ్లకు ఈ సంగతి ముందే తెలిస్తే ఎంత బాగుండునో అనిపిస్తుంది నాకు. హియరింగ్ అంటే బలప్రదర్శన అనుకుని బస్సు నిండా జనాన్ని తీసుకెళ్తాం. నాలుగు వందల సంతకాలతో వినతిపత్రం పట్టుకెళ్తాం. బోర్డు లాయరు మర్యాదగానే చెబుతాడు, సంతకాలు తీసుకోలేమని. కాగితం మీది సంతకాన్ని అడ్డప్రశ్న వేయలేరు కదా, అందుకని. హాలు నిండా జనం ఉన్నారన్న సంగతి రికార్డులో ఎక్కడా ఉండదు. ఒక ట్రాఫిక్ ఇంజనీరు ప్రమాణం చేసి చెప్పిన నాలుగు వాక్యాలుంటాయి. ఆ వీధిలో ఇరవై ఏళ్లుగా ఉంటున్న పెద్దావిడ లేచి, వాన పడిన ప్రతిసారీ ఆ మూల మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయని ఫొటోలు చూపించి చెప్పిన మాట కూడా ఉంటుంది. ఆవిడ నిపుణురాలు కాకపోయినా, కళ్లారా చూసిన సంగతి కాబట్టి దానికి విలువ ఉంటుంది. "ఈ గుడి వస్తే మా ఇళ్ల ధరలు పడిపోతాయి" అని ఊరికే అన్న మాటకు ఆ విలువ ఉండదు.

మన ఉదాహరణలో ట్రస్టు ఇంజనీరు వాహనాల లెక్క చూపించి ఇబ్బంది లేదన్నాడు. అడ్డప్రశ్నల్లో పక్కింటాయన లేచి రెండే అడిగాడు. లెక్క ఏ రోజు తీశారు? మంగళవారం పొద్దున. మీ గుడికి జనం ఎక్కువగా వచ్చేదెప్పుడు? శనివారం సాయంత్రం. తర్వాత ట్రస్టు తరఫున మాట్లాడిన పెద్దాయనను ఇంకో ప్రశ్న అడిగాడు. దరఖాస్తులో నూట ఇరవై మంది అని రాశారు, మీ పెద్ద పండగ రోజు ఎంతమంది వస్తారు? ఆయన ఉన్నదున్నట్టు చెప్పాడు. "వైకుంఠ ఏకాదశికైతే నాలుగొందలు దాటొచ్చండీ."

ఆ ఒక్క జవాబు రికార్డులో ఉండిపోయింది. నిజం చెప్పడం తప్పు కాదు. దానికి తగిన ఏర్పాటు చూపించకపోవడం తప్పయింది. ఆ రోజు కార్లు ఎక్కడ పెడతారు, దగ్గర్లో స్కూలు పార్కింగు వాడుకుంటామా, రోడ్డు మీద పోలీసును పెట్టిస్తామా అన్నది ఎవరూ చెప్పలేదు.

ఇక్కడ చట్టం బోర్డును ఏం చూడమంటుందో తెలుసుకోవాలి. డి వేరియన్స్‌కు రెండు వైపులా నిరూపించాలి. మినహాయింపు ఎందుకివ్వాలన్నది మొదటిది. ఇస్తే ప్రజలకు గానీ ఊరి జోనింగ్ ప్రణాళికకు గానీ పెద్ద నష్టం లేదన్నది రెండోది. మామూలు వ్యాపారానికి ఈ రెండోది చాలా కష్టం. 1987లో సౌత్ ప్లెయిన్‌ఫీల్డ్‌లోని ఒక మోటెల్ గురించి వచ్చిన మెడిచి కేసులో న్యూజెర్సీ సుప్రీంకోర్టు ఆ కొలతను ఇంకా పెంచింది. గుడికి మాత్రం ఒక సౌలభ్యం ఉంది. ఆసుపత్రి, బడి లాగే ప్రార్థనా స్థలం కూడా తనంతట తానే సమాజానికి మేలు చేసేదని న్యూజెర్సీ కోర్టులు లెక్కిస్తాయి. 1994లో రీడింగ్టన్ టౌన్‌షిప్‌కు చెందిన కాళీబాడీ అనే హిందూ గుడి కేసులో అప్పీలు కోర్టు ఈ మాటే చెప్పింది. అమెరికాలో మన గుళ్ల గురించి మాట్లాడుకునేటప్పుడు ఆ తీర్పును గుర్తుచేసుకునేవాళ్లు తక్కువ. గుర్తుంచుకోవాల్సిన తీర్పది.

అలా లెక్కించిన వాటికి మొదటి వైపు నిరూపణ దాదాపు అయిపోయినట్టే. మిగిలేది తూకం. ఎలా తూచాలో 1992లో సీకా కేసులో న్యూజెర్సీ సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కట్టడం వల్ల సమాజానికి ఎంత మేలో చూడాలి, పక్కవాళ్లకు ఎంత ఇబ్బందో చూడాలి. ఆ ఇబ్బందిని తగిన షరతులతో తగ్గించగలమా అని అడగాలి. ఆ తర్వాతే రెంటినీ తూచాలి. మూడో మెట్టు చాలా విలువైంది. ఇబ్బంది ఉందని చెప్పి బోర్డు ఊరుకోకూడదు, తగ్గించే దారి ఉందా అని వెతకాలి. కానీ ఆ దారిని రికార్డులో పెట్టే బాధ్యత దరఖాస్తుదారుది. మనవాళ్లు స్కూలు పార్కింగు సంగతి ఎత్తలేదు.

ఓటు పడ్డంత మాత్రాన పని అయిపోదు. బోర్డు తన నిర్ణయానికి కారణాలు రాసి రిజల్యూషన్ ఆమోదించాలి. కోర్టులో నిలబడేది ఆ కాగితమే. ఓటు ఓడిపోయిన మన సందర్భంలో ఆ రిజల్యూషన్‌ను ఆమోదించేది కాదన్న ఆ ముగ్గురే. అవునన్న నలుగురికి దాని మీద ఓటు లేదు. చిత్రంగా అనిపించినా అందులో అర్థం ఉంది. తిరస్కరించిన కారణం చెప్పగలిగేది తిరస్కరించినవాళ్లే.

ఆ రిజల్యూషన్ ఎలా రాశారన్న దాని మీదే చాలా కేసులు తిరుగుతాయి. "ట్రాఫిక్ నివేదికను మేం నమ్మడం లేదు" అని ఒక్క వాక్యం రాసి వదిలేశారనుకోండి, అది బలహీనం. నిపుణుడి మాటను బోర్డు ఒప్పుకొని తీరాలని లేదు. కానీ కాదనడానికి రికార్డులో ఆధారం చూపించాలి, ఉత్త అనుమానాలు, నమ్మకాలు చాలవని 2002లో వెస్ట్ విండ్సర్ సెల్ టవర్ కేసులో న్యూజెర్సీ సుప్రీంకోర్టు చెప్పింది. దానికి బదులు, వాహనాల లెక్క మంగళవారం తీశారని, జనం వచ్చేది శనివారమని ఇంజనీరే ఒప్పుకున్నాడని, పండగ రోజు నాలుగు వందల మంది వస్తారని ట్రస్టే చెప్పిందని, వాళ్ల కార్లకు ఏర్పాటేదీ చూపించలేదని రాస్తే అది గట్టి రిజల్యూషన్. అలాంటి కాగితం ముందు లాయరు ఎంత పెద్దవాడైనా చేయగలిగింది తక్కువ.

ఇప్పుడు కోర్టుకు వెళ్దాం. న్యూజెర్సీలో ఈ కేసుకు ఉన్న పేరు విని మన ఊళ్లో కోర్టులు తెలిసినవాళ్లు ఒక్కసారి ఆగుతారు. ప్రిరోగేటివ్ రిట్లకు బదులుగా వేసే దావా అంటారు దాన్ని. ఒకప్పుడు ఇంగ్లండు రాజు పేరుతో కింది అధికారులను అదుపులో పెట్టడానికి జారీచేసిన సర్షియోరరీ, మాండమస్ లాంటి రిట్లే, అంటే ఆదేశాలే, దీనికి మూలం. మన దేశంలో హైకోర్టులో వేసే రిట్ పిటిషన్, అంటే 226వ అధికరణ కింద వేసేది కూడా ఆ కొమ్మే. 1947 నాటి న్యూజెర్సీ రాజ్యాంగం పాత రిట్ల చిక్కుముళ్లు తీసేసి ఒకే దావాగా మార్చింది, మన రాజ్యాంగం రిట్ల పేర్లను అలాగే ఉంచింది. ఆ మూలం వల్లే ఆలోచన కూడా ఒకటే. కోర్టు అధికారి కుర్చీలో కూర్చోదు, అధికారి తన హద్దుల్లో ఉన్నాడా లేడా అని చూస్తుంది. హైదరాబాదులో అభివృద్ధి ప్రణాళిక వినోద జోన్‌గా గుర్తించిన స్థలంలో ఎల్‌ఐసీ, ఆదాయపు పన్ను శాఖ ఇళ్లు కట్టబోతే, 1987లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు దామోదరరావు కేసులో ఆపింది. అక్కడ పార్కు మంచిదా ఇళ్లు మంచివా అని కోర్టు కొత్తగా తేల్చుకోవాల్సిన పని లేదు. ఆ నేల దేనికో చట్టం ప్రకారం చేసిన ప్రణాళికే చెప్పింది, దానికి కట్టుబడి ఉండాలంది.

న్యూజెర్సీకి తిరిగొస్తే, అక్కడ మొదట చూడాల్సింది క్యాలెండరు. నిర్ణయం గురించి బహిరంగ ప్రకటన వెలువడిన నాటి నుంచి 45 రోజుల్లో దావా వేయాలి. న్యాయం కోసం తప్పనిసరైతే కోర్టు గడువు పెంచగలదు గానీ, దాన్ని నమ్ముకుని కూర్చోవడం ప్రమాదం. కమిటీ మీటింగులు పెట్టుకుని, చందాలు పోగుచేసుకుని, ఏ లాయరో తేల్చుకునేసరికి ఆ 45 రోజులు ఇట్టే గడిచిపోతాయి.

దావా పడ్డాక సుపీరియర్ కోర్టు జడ్జి ముందుకు హియరింగుల రాతప్రతులు, ప్లానులు, నివేదికలు, రిజల్యూషన్ వెళ్తాయి. జ్యూరీ ఉండదు. మామూలుగా కొత్త సాక్షులుండరు. వైకుంఠ ఏకాదశి రోజు పార్కింగుకు స్కూలుతో ఒప్పందం ఇప్పుడు కుదిరిందని కోర్టులో చూపించబోతే జడ్జి చూడడు. బోర్డు ముందు లేనిది కోర్టు ముందూ లేదు. ఇంతమంది మనవాళ్లు ఇంత డబ్బు ఖర్చుపెట్టి తెలుసుకునే సంగతి ఇదే. చాలా ఆలస్యంగా తెలుసుకుంటారన్నదే నా బాధ.

ఆ రికార్డు చదివి జడ్జి వేసుకునే ప్రశ్న ఒకటే. ఈ నిర్ణయం ఇష్టారాజ్యంగా, కారణం లేకుండా, సమంజసం కాని పద్ధతిలో జరిగిందా? బోర్డు సరిగ్గానే చేసిందన్న ఊహతో కోర్టు మొదలుపెడుతుంది. కాదని నిరూపించాల్సిన భారం దావా వేసినవాళ్లది. తానైతే ఇంకోలా ఓటేసేవాణ్ణని జడ్జికి అనిపించినా సరే, బోర్డు నిర్ణయానికి రికార్డులో తగిన ఆధారం ఉంటే దాన్ని నిలబెట్టాలి. పైగా వేరియన్స్ ఇచ్చిన నిర్ణయం కంటే నిరాకరించిన నిర్ణయాన్ని కోర్టులు ఇంకాస్త ఎక్కువగా గౌరవిస్తాయి. ఆర్డినెన్సును యథాతథంగా ఉంచినవాళ్ల కంటే పక్కన పెట్టినవాళ్లే ఎక్కువ జవాబు చెప్పాలన్నది అందులోని తర్కం. ఊరిని ఊరివాళ్లకు తెలిసినంతగా జడ్జికి తెలియదన్న మాట కూడా తీర్పుల్లో తరచూ కనిపిస్తుంది. నాకు ఈ వినయం మంచిదే అనిపిస్తుంది. ప్రతి గోడ గొడవా జడ్జి సొంత అభిరుచి మీద తేలేలా ఉంటే ఊళ్లో ఏ ప్రణాళికా నిలవదు. కానీ ఇదే వినయం వెనక చెడ్డ బోర్డు కూడా దాక్కోగలదు.

అందుకే కొన్ని చోట్ల కోర్టు ఆ వినయాన్ని పక్కన పెడుతుంది. ఆర్డినెన్సులోని ఒక మాటకు అర్థమేమిటన్న ప్రశ్న వస్తే అది చట్టం ప్రశ్న. బోర్డు చెప్పిన అర్థానికి కోర్టు కట్టుబడదు. నోటీసు సంగతీ అంతే. దరఖాస్తుదారు స్థలం చుట్టూ 200 అడుగుల లోపు ఉన్న ప్రతి యజమానికీ హియరింగ్‌కు కనీసం పది రోజుల ముందు నోటీసు అందించాలి. అందులో ఏం కడుతున్నారో మామూలు మనిషికి అర్థమయ్యేలా ఉండాలి. లేసీ టౌన్‌షిప్‌లో కేమార్ట్ స్టోరు రాబోతుంటే నోటీసులో ఆ సంగతి చెప్పకుండా వాణిజ్య ప్లాట్లు అన్నట్టు రాశారని 1996లో అప్పీలు కోర్టు ఆ అనుమతినే కొట్టేసింది. నోటీసు సరిగా లేకపోతే ఆ కేసు వినే అధికారమే బోర్డుకు లేనట్టు. సొంత లాభమో దగ్గరి సంబంధమో ఉన్న సభ్యుడు ఆ విషయంలో పాల్గొంటే, అతని ఓటు ఒక్కటి తీసేస్తే సరిపోదు. మొత్తం వ్యవహారం చెడినట్టే లెక్క. బోర్డు అన్ని పక్షాల వాదనలూ వరసగా రాసి, తాను ఏది నమ్మిందో ఎందుకు నమ్మిందో రాయకపోయినా రిజల్యూషన్ నిలవదు.

మాట అర్థం మీద కోర్టు ఎంత గట్టిగా నిలబడగలదో చూడాలంటే బ్రిడ్జ్‌వాటర్ వేంకటేశ్వరస్వామి గుడి ఉన్న సోమర్‌సెట్ కౌంటీలోనే ఇంకో ఊరు, బెర్నార్డ్స్ టౌన్‌షిప్ కథ చదవాలి. అక్కడ బాస్కింగ్ రిడ్జ్ ఇస్లామిక్ సొసైటీ మసీదు కట్టాలనుకుంది. నిర్ణయించాల్సింది జోనింగ్ బోర్డు కాదు, కట్టడాల ప్లానులు పరిశీలించే ప్లానింగ్ బోర్డు. మూడున్నరేళ్లలో 39 హియరింగులు జరిగాయి. 2015 డిసెంబరులో తిరస్కరించారు. పేచీల్లో ఒకటి పార్కింగు. ఆర్డినెన్సు ప్రకారం చర్చికి ముగ్గురికి ఒక కారు చొప్పున స్థలం చూపిస్తే చాలు. 150 మందికి 50. కానీ మసీదు చర్చి కాదు కదా అన్నట్టు 107 అడిగారు. 2016లో సొసైటీ ఫెడరల్ కోర్టుకు, అంటే రాష్ట్రానిది కాని కేంద్ర ప్రభుత్వ కోర్టుకు, వెళ్లింది, అదే ఏడాది అమెరికా న్యాయశాఖ కూడా వేరే దావా వేసింది. 2016 డిసెంబరు 31న జడ్జి మైకేల్ షిప్ ఇచ్చిన తీర్పులో ఒక ముఖ్యమైన అంశం ఆర్డినెన్సులో చర్చి అన్న మాటకిచ్చిన నిర్వచనం. ఆ నిర్వచనంలోనే చర్చి అంటే ఆలయాలు, అలాంటి ఇతర ప్రార్థనా స్థలాలు కూడా అని రాసి ఉంది. మసీదు అందులోకే వస్తుంది. ఒకరికి ఒక లెక్క, ఇంకొకరికి ఇంకో లెక్క కుదరదన్నాడు. 2017 మేలో టౌన్‌షిప్ 32.5 లక్షల డాలర్లు చెల్లించి, మసీదుకు అనుమతిచ్చి రాజీ చేసుకుంది.

ఈ కథ విన్న ప్రతివాళ్లకూ మనమూ ఫెడరల్ కోర్టుకే వెళ్దాం అనిపిస్తుంది. దానికి ఆధారం 2000లో వచ్చిన ఒక చట్టం. మతపరమైన స్థలాల మీద జోనింగ్ పేరుతో తీవ్రమైన భారం మోపకూడదని, మతేతర సంస్థల కంటే, ఇంకో మతం కంటే తక్కువగా చూడకూడదని అది చెబుతుంది. అక్కడ కేసు రికార్డుకే పరిమితం కాదు. అధికారుల ఈమెయిళ్లు కూడా బయటికి లాగొచ్చు. కానీ అది వేరే ప్రశ్నకు జవాబిచ్చే కోర్టు. మతాన్ని బట్టి వివక్ష జరిగిందా, లేక మత ఆచరణ మీద తీవ్రమైన భారం పడిందా అన్నదే అక్కడి ప్రశ్న. మన ఉదాహరణలోని ముగ్గురు సభ్యులు పార్కింగు గురించి నిజంగానే భయపడ్డారు. అదే ఊళ్లో మూడున్నర ఎకరాల్లో చర్చికి అనుమతి ఇచ్చి గుడికి ఇవ్వలేదంటే, అది వేరే సంగతి, అప్పుడా తలుపు తట్టాల్సిందే. ఏ ఆధారం లేకుండా ప్రతి తిరస్కరణనూ మతద్వేషం అనడం మాత్రం సరికాదు. అలా అన్నాక ఆ వీధిలో రేపు కలిసి బతకాల్సింది మనమే.

వీధి అవతలి వైపు కూడా మనవాళ్లే ఉంటారు. ఇంటి వెనక పొలంలో పెద్ద గోదాం కట్టడానికి బోర్డు అనుమతిచ్చిందనుకోండి, ఆ చుట్టుపక్కల ఇళ్లు కొనుక్కున్నవాళ్లు కూడా ఇదే దావా వేయవచ్చు. గడువు అదే 45 రోజులు, రికార్డు అదే, భారం ఈసారి వాళ్ల మీద. హియరింగులకు వెళ్లకుండా ఇంట్లో కూర్చుని, ట్రక్కులు తిరగడం మొదలయ్యాక కోర్టుకెళ్తే జడ్జి చేతిలో చూడ్డానికి వాళ్ల మాట ఒక్కటీ ఉండదు. గోదాంవాళ్లు ఆ 45 రోజులు ఆగకుండా పునాదులు తవ్వితే ఆ ప్రమాదం వాళ్లది.

మరి గెలిస్తే ఏమొస్తుంది? చాలా కేసుల్లో జడ్జి నేరుగా అనుమతి ఇవ్వడు. ఫలానాది మళ్లీ చూడండి, కారణాలు సరిగా రాయండి, తగిన షరతులు పెట్టొచ్చేమో ఆలోచించండి అని బోర్డుకే తిప్పి పంపుతాడు. అదే హాలు, అవే ఏడు కుర్చీలు.

మన గుడి ట్రస్టు లాయరు రాతప్రతులన్నీ చదివి, ఈ రికార్డుతో కోర్టులో గెలవడం కష్టమన్నాడనుకుందాం. దావా వేయకుండా మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చు. కానీ పాతదాన్నే కొత్త తారీఖుతో ఇస్తే, ఇది తేలిపోయిన విషయమని బోర్డు తోసిపుచ్చగలదు. నిజంగా మారిన దరఖాస్తు కావాలి. హాలు సైజు తగ్గించారు. ఇంజనీరు ఈసారి రెండు శనివారాలు సాయంత్రం అయిదు నుంచి ఎనిమిది దాకా రోడ్డు పక్కన నిలబడి కార్లు లెక్కపెట్టాడు. స్కూలుతో పండగ రోజుల పార్కింగు ఒప్పందం రాయించుకున్నారు. దరఖాస్తులో మామూలు రోజుకు నూట ఇరవై అని, వైకుంఠ ఏకాదశికి నాలుగు వందల యాభై అని వాళ్లే రాశారు. హియరింగ్‌కు బస్సు పెట్టలేదు. పక్కింటాయన మళ్లీ లేచి పండగ రోజు ఎంతమంది వస్తారని అడిగాడు. పెద్దాయన మైకు దగ్గరికి వచ్చి సంఖ్య చెప్పి, స్కూలు ఇచ్చిన కాగితాన్ని ఎగ్జిబిట్‌గా తీసుకోమని బోర్డు సెక్రటరీ చేతిలో పెట్టాడు.